ఎనిమిది గుంటల బోరు, నాలుగెకరాల టీవీ

నల్లగొండ జిల్లాలో మనిషికి ఏ లెక్క చెప్పినా ఎకరాల్లో, గుంటల్లో చెప్పాలి. ఈ సంగతి తెలియకనే టీవీ కంపెనీలు పెట్టెల మీద పీలు, కేలు, యూహెచ్‌డీలు రాసి జనాన్ని ఆగం చేస్తున్నాయి. ఆగమైన జనంలో నేనూ ఒకణ్ని. ఇప్పుడు కాస్త తెలివికొచ్చాను కాబట్టి, ప్రజాహితం కోరి ఈ సర్వే రిపోర్టు సమర్పిస్తున్నాను.

2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. సర్కారు అంతగా తగ్గించాక కొనకపోతే మర్యాదగా ఉండదని, బతుకమ్మ రోజుల్లో గడియారం సెంటర్ దగ్గర ఒక షాపుకు పోయాను.

"అన్నా, ఇది ఫోర్ కె" అన్నాడు అక్కడి పిల్లగాడు.

"నాలుగు వేలేనా?" అని జేబు తడుముకున్నాను.

"రేటు కాదన్నా, బొమ్మను కట్టే చుక్కలు, పిక్సెళ్లు. అడ్డం వరసకు నాలుగు వేల చుక్కలు."

పెట్టె తిప్పి చూస్తే 3840 అని ఉంది. సినిమా వాళ్ల ఫోర్ కెకు 4096 చుక్కలుంటాయి, ఇంటికొచ్చేసరికి తరుగు తీశారు. వడ్ల కాంటా కాడ తరుగు మనకు అలవాటే కదా, నోరెత్తలేదు. కానీ 43 అంగుళాలని చెప్పి మూల నుంచి మూలకు టేపు పట్టినప్పుడు మాత్రం ప్రాణం ఉసూరుమంది. అడ్డం 37న్నర, నిలువు 21. పొలాన్ని ఐమూలగా కొలిచి అమ్మజూపితే మన దగ్గర కట్టెలు లేస్తాయి.

ఇక అసలు కొలత. ఫుల్ హెచ్‌డీని ఒక ఎకరం, అంటే నలభై గుంటలు అనుకోండి. అడ్డం 1920, నిలువు 1080, మొత్తం 20 లక్షల 73 వేల పైచిలుకు చుక్కలు. చిన్న టీవీల మీద రాసే హెచ్‌డీ రెడీ 1366 ఇంటూ 768, అంటే ఇరవై గుంటలు. (పిల్లగాడు పెళ్లికి రెడీగా ఉన్నాడంటే ఇంకా కాలేదనేగా అర్థం.) ఫోర్ కె సరిగ్గా నాలుగెకరాలు, దాదాపు 83 లక్షల చుక్కలు. ఎయిట్ కె పదహారెకరాలు. అంత ఆస్తి ఉన్నవాడికి టీవీ చూసే తీరిక ఎక్కడిది?

పక్కనే ఇంకో సెట్టు, సగం రేటుకే. పెట్టె మీద బంగారు అక్షరాలతో 'ఫోర్ కె సపోర్ట్'. అడుగున, చీమ నడిచినంత సన్నగా, 1920 ఇంటూ 1080. నాలుగెకరాల పంట తెచ్చి పోస్తే కాదనదట, ఆరబోసే కల్లం మాత్రం ఎకరమే. మద్దతు వేరు, పట్టా వేరు. బయటి నుంచి మద్దతిచ్చే పార్టీలను చూసిన ఓటరుకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. నేను పట్టా ఉన్నదే కొన్నాను.

నన్ను పడగొట్టింది నిజానికి లెక్కలు కాదు, షాపు గోడ మీద ఆడుతున్న రామచిలుక. ఎర్రటి పండేదో తింటోంది. ఈకలు లెక్కపెట్టొచ్చు. కంటి చుట్టూ ముడతలు, ముక్కు కొసన పండు రసం బొట్టు, ఆ బొట్టులో కిటికీ నీడ.

ఇంటికి తెచ్చి కేబుల్ పెట్టాం. చిలుక పోయి యాంకర్ వచ్చాడు. ముఖం ఉడకబెట్టి ఒలిచిన ఆలుగడ్డలా ఉంది.

"గిదేం బొమ్మరా, అలికినట్టున్నది. పాత డబ్బనే నయముండె" అన్నాడు నాయిన.

నాయిన మాట అక్షరాలా నిజం. మామూలు కేబుల్ చానల్ 720 ఇంటూ 576. నాలుగు లక్షల పదిహేను వేల చుక్కలు, అంటే ఎనిమిది గుంటలు. ఎనిమిది గుంటలు పారే బోరు కింద నాలుగెకరాలు నాటేసినవాణ్ని ఊళ్లో ఏమంటారో నేను రాయను. టీవీ మాత్రం సిగ్గుపడదు. వచ్చిన ఒక్క చుక్కతో ఇరవై చుక్కల జాగా నింపాలి కాబట్టి, మధ్యలో ఏముండొచ్చో ఊహించి రంగు పూస్తుంది. దీన్ని అప్‌స్కేలింగ్ అంటారు, మా ఇంట్లో చారులో నీళ్లు పోయడం అంటారు. ఆ ఎనిమిది గుంటల్లోనే స్క్రోలింగ్, బంగారం ధర, బ్రేకింగ్ పట్టీ కబ్జా చేయగా యాంకర్‌కు మిగిలింది గట్టు మీద జాగా.

పోనీ నాయినకు ఫోర్ కె విలువ చూపిద్దామంటే ఆయన మంచం టీవీకి పదడుగుల దూరం. ఈ తెర మీద ఫుల్ హెచ్‌డీ చుక్క అయితే అర మిల్లీమీటరు ఉంటుంది. మంచి చూపున్న కన్ను కూడా ఐదున్నర అడుగులు దాటితే దాన్ని విడిగా పట్టలేదు. ఫోర్ కె చుక్క వెడల్పు అందులో సగం. పట్టాలంటే మూడడుగుల లోపలికి రావాలి. నా పైసలకు న్యాయం జరగాలంటే మంచం తెచ్చి టీవీ స్టాండుకు ఆనించాలి. నాయిన ఒప్పుకోలేదు. పైగా ఎడమ కంట్లో శుక్లం ముదిరింది.

హెచ్‌డీ ప్యాక్ వేయించాను. 1080 వరసలొస్తాయి కానీ ఒకసారి బేసి వరసలు, ఒకసారి సరి వరసలు. సాగర్ ఎడమ కాలువకు వారబందీ పెట్టి వంతులవారీగా నీళ్లొదిలినట్టే. అయినా ఆలుగడ్డకు కళ్లూ ముక్కూ మొలిచాయి, కాదనను. యూట్యూబ్‌లో 2160, అంటే ఫోర్ కె, పెడితే నాలుగెకరాలూ పారతాయి, కానీ సాయంత్రం ఏడైతే మా గల్లీ నెట్టు గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటుంది.

అందుకే షాపు పిల్లగాణ్ని బతిమాలి ఆ చిలుకను పెన్‌డ్రైవ్‌లో వేయించుకొచ్చాను. చుట్టాలొచ్చినప్పుడల్లా పెడతాను. అందరూ "అబ్బ, ఈకలు సుత కనపడుతున్నయ్" అంటారు. మొన్న వియ్యంపులవాళ్లు వచ్చినప్పుడూ పెట్టాను. నాయిన మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

"ఒరేయ్, నెల దినాల సంది గదే పండు తింటున్నది. ఇంకోటేమన్న పెట్టుండ్రిరా దానికి."