ఎలియా కోర్టి పనితనం గురించి కూడా చెప్పాలి

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని బ్యారీ ఊళ్లో, హోప్ శ్మశానంలో ఉన్న ఎలియా కోర్టి సమాధి గురించి రాసినందుకు థాంక్స్. కానీ వ్యాసమంతా 1903 అక్టోబరులో సోషలిస్టులకూ, ప్రభుత్వమే వద్దనే అనార్కిస్టులకూ జరిగిన గొడవ, అందులో ఆయన ప్రాణం తీసిన తూటా చుట్టూనే తిరిగింది. ఆయన పనితనం గురించి నాలుగు మాటలు రాయాల్సింది.

ఇటలీ నుంచి వచ్చిన కోర్టి గ్రానైట్ శిల్పి. అదే ఊళ్లో 1899లో పెట్టిన కవి రాబర్ట్ బర్న్స్ విగ్రహం పీఠం మీది ఫలకాలు ఆయన చెక్కినవే. గ్రానైట్ పాలరాయిలా ఉలికి లొంగదు. అందులో అంత నాజూకు పని తీయడం మామూలు విషయం కాదండీ!

సమాధి మీద కూర్చున్నట్టున్న కోర్టి మనిషంత బొమ్మను చెక్కింది ఆయన సొంత సోదరుడు, బావమరిది. కోటు ముడతలు కూడా వదల్లేదు. పక్కన సుత్తులు, మూలమట్టం, గాలి ఒత్తిడితో నడిచే ఉలి. ఆ కొత్తరకం ఉలులు రేపిన సన్నటి దుమ్మే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుగా మారి బ్యారీలో ఎంతోమంది శిల్పులను పొట్టన పెట్టుకుంది. 1937లో ఆ జబ్బుతోనే పోయిన లూయీ బ్రూసా అనే శిల్పి సమాధి కూడా అక్కడే ఉంది, భార్య చేతుల్లో ఒరిగిపోతున్న మనిషి బొమ్మతో. దయచేసి ఆయన గురించి కూడా రాయండి.