యాసిడ్‌కి సున్నం ఏదో స్టీల్ ఏదో తెలీదు సామీ

తోతాపురి మామిడి సీజన్ దగ్గర పడితే చిత్తూరు పక్క పల్ప్ ఫ్యాక్టరీల్లో ఒకటే హడావిడి, మిషన్లు కడగడం, లేబర్‌ని మాట్లాడుకోవడం, బాయిలర్ ట్యూబుల్లో పేరుకున్న సున్నాన్ని యాసిడ్‌తో వదిలించడం. మన బోరు నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు, ఇంట్లో గీజర్ రాడ్డు చూస్తే చాలు. అయితే హైడ్రోక్లోరిక్ యాసిడ్ సున్నంతో ఆగదు, ఇనుముని కూడా కరిగిస్తాది, హైడ్రోజన్ పుట్టిస్తాది, అందులో కొంత స్టీల్ లోపలికే దూరి దాన్ని పెళుసుగా చేస్తాది.

దానికే ఇన్హిబిటర్, అంటే యాసిడ్ స్టీల్‌ని తినకుండా అడ్డుకునే మందు, కలిపేది. హెక్సమిన్, థయోయూరియా లాంటివి, వాటిలో ఉండే నైట్రోజన్, సల్ఫర్ ఇనుము మీద అతుక్కుని పల్చటి పొర కడతాయి, యాసిడ్ మాత్రం సున్నం మీద తన పని తాను చేసుకుపోతాది. కలిపేది కొంచెమే, కానీ కొటేషన్ తగ్గించాలంటే ముందు ఎగిరిపోయేది కూడా అదే. కలిపినా యాసిడ్ ట్యూబుల్లోకి పోకముందే కలపాలి, సగం పనైనాక గుర్తొచ్చి పోస్తే అప్పటికే తిన్నది తిన్నట్టే కదా.

ఇంకోటి, డబ్బా మీద '95 శాతం రక్షణ' అని ఉంటాది. నాకు ఈ శాతాల మీదే అనుమానం. ఇన్హిబిటర్ లేకుండా 100 గ్రాముల ఇనుము పోయేచోట 5 పోతే 95 శాతం, పని తొందరగా అవ్వాలని వేడి పెంచి 1000 పోయేచోట 50 పోయినా అదే 95 శాతం, ట్యూబులో పోయిన ఇనుము మాత్రం పదింతలు. నిజానికి వేడికి ఆ పొర కూడా ఊడిపోతాది, అంతకూడా దక్కదు. పైగా తుప్పు కరిగితే యాసిడ్‌లోకి వచ్చే ఫెర్రిక్ రూపం ఇనుము ఉంది చూడండి, అది మళ్లీ స్టీల్‌నే కొరుకుతాది, మామూలు ఇన్హిబిటర్ దాన్ని పెద్దగా ఆపలేదు. స్టెయిన్‌లెస్ ట్యాంకుల జోలికైతే ఈ యాసిడ్‌తో అసలు పోకూడదు, ఇన్హిబిటర్ ఉన్నా సరే, ఈ యాసిడ్‌లో ఉండే క్లోరైడ్ చిన్న చిన్న గుంతలు పెట్టేస్తాది.

తమాషా ఏంటంటే, మనం ట్రాక్టర్లతో బయట పారబోసే మామిడి తొక్కల రసం కూడా హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కార్బన్ స్టీల్‌ని కాపాడుతుందని బ్రెజిల్ వాళ్లు 2010లోనే చూపించారు. బాగుంది, మన దగ్గర తొక్కకి కరువా! కానీ ఒక లోడు తొక్క ఇంకో లోడులా ఉండదు, రసం నాలుగు రోజులకి పులుస్తాది, కాబట్టి బాయిలర్‌లో ఇప్పుడే పోసేయకండి.

ఈసారి కాంట్రాక్టర్ వస్తే శాతం అడగొద్దు. మీ ట్యూబు రకం స్టీల్ ముక్క ఒకటి తూకం వేసి యాసిడ్‌లో వేలాడదీయమనండి, పనైనాక కడిగి ఆరబెట్టి మీ ముందే మళ్లీ తూకం వేయమనండి.