లాగిన్ టోకెన్‌కి సెషన్ స్టోరేజ్ భద్రమైన చోటు కాదు

"కుకీల కాలం అయిపోయింది. లాగిన్ టోకెన్‌ని సెషన్ స్టోరేజ్‌లో పెట్టండి. ట్యాబ్ మూయగానే చెరిగిపోతుంది, సీఎస్‌ఆర్‌ఎఫ్ టెన్షన్ ఉండదు, 4 కేబీ హద్దూ ఉండదు." వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకునేవాళ్ల మధ్య ఈ సలహా తెగ తిరుగుతోంది. (లాగిన్ టోకెన్ అంటే లాగిన్ అయ్యాక సర్వర్ ఇచ్చే గుర్తింపు చీటీ. కుకీ, సెషన్ స్టోరేజ్ రెండూ బ్రౌజర్‌లో దాన్ని దాచే చోట్లు; 4 కేబీ కుకీ పరిమాణానికి ఉన్న హద్దు. యూజర్‌కి తెలియకుండా వేరే సైట్ అతని బ్రౌజర్ చేత మీ సైట్‌కి రిక్వెస్టు పంపించడమే సీఎస్‌ఆర్‌ఎఫ్.) మొన్న మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు కూడా దీన్ని నమ్మే కోడ్ రాసుకొచ్చాడు. తప్పు అతనిది కాదు. ఏ ముక్కకా ముక్క నిజంలాగే వినిపిస్తుంది.

"ట్యాబ్ మూస్తే చెరిగిపోతుంది, కాబట్టి భద్రం." దొంగ మీరు ట్యాబ్ మూసేదాకా ఆగడు. సెషన్ స్టోరేజ్‌లో ఉన్నదాన్ని ఆ పేజీలో నడిచే ఏ జావాస్క్రిప్ట్ అయినా ఒక్క లైనుతో చదివేస్తుంది. మీ కోడ్ ఒక్కటే కాదు, ఎన్‌పీఎం అనే జావాస్క్రిప్ట్ భాండాగారం నుంచి తెచ్చుకున్న ప్యాకేజీలు, చాట్ విడ్జెట్, అనలిటిక్స్ స్క్రిప్ట్ కూడా అక్కడే నడుస్తాయి. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే ప్యాకేజీ నిర్వహణ కొత్త చేతుల్లోకి వెళ్లింది. ఆ తర్వాత కోపే అనే బిట్‌కాయిన్ వాలెట్‌ని దోచే కోడ్ అందులోకి చేరింది. అలాంటిది మీ పేజీలోకి వస్తే టోకెన్ క్షణంలో బయటి సర్వర్‌కి వెళ్లిపోతుంది. ఆపైన మీరు ట్యాబ్ మూసినా, కంప్యూటర్ ఆపినా, గడువు తీరేదాకా అది అవతలివాడికి పనిచేస్తూనే ఉంటుంది.

హెచ్‌టీటీపీ-ఓన్లీ అని గుర్తు పెట్టిన కుకీని జావాస్క్రిప్ట్ చదవలేదు. ఇది కొత్త సంగతేమీ కాదు, 2002లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 సర్వీస్ ప్యాక్ 1తోనే వచ్చింది. అన్ని రోగాలకూ ఇదే మందని చెప్పను. పేజీలో దూరిన కోడ్, ఆ పేజీ తెరిచి ఉన్నంతసేపు యూజర్ పేరు మీద రిక్వెస్టులు పంపగలదు. కానీ తాళంచెవిని మాత్రం ఎత్తుకుపోలేదు.

అసలు ఆ "చెరిగిపోవడం" కూడా సగమే నిజం. మూసిన ట్యాబ్‌ని బ్రౌజర్‌లో మళ్లీ తెరిపిస్తే సెషన్ స్టోరేజ్ తిరిగి రావచ్చు. ట్యాబ్‌ని డూప్లికేట్ చేస్తే దాని నకలూ వస్తుంది. అదే యూజర్ కొత్త ట్యాబ్‌లో సైట్ తెరిస్తే మాత్రం మళ్లీ లాగిన్ అడుగుతుంది. ఆ ఫిర్యాదులు పడలేక కొందరు టోకెన్‌ని, ట్యాబ్ మూసినా చెరగని లోకల్ స్టోరేజ్‌కి మారుస్తారు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే.

సీఎస్‌ఆర్‌ఎఫ్ మాటలో నిజం ఉంది. కుకీ ప్రతి రిక్వెస్టుతో తనంతట తానే వెళ్తుంది కాబట్టే ఆ సమస్య పుట్టింది. దానికి సేమ్‌సైట్ ఉంది. వేరే సైట్ నుంచి వచ్చే రిక్వెస్టులతో కుకీ వెళ్లాలా వద్దా అని చెప్పే సెట్టింగ్ అది. 2020లో క్రోమ్ 80 నుంచి ఏమీ రాయకపోతే ల్యాక్స్‌గానే తీసుకుంటోంది, అంటే వేరే సైట్ నుంచి లింకు నొక్కి వచ్చినప్పుడు తప్ప కుకీని పంపదు. అన్ని బ్రౌజర్లూ అలా చేయవు, మీరే స్పష్టంగా రాయండి. గెట్ రిక్వెస్టుతో (లింకు తెరిచినప్పుడు వెళ్లే రకం) డేటా మార్చకండి. డబ్బు కదిలే చోట సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (రిక్వెస్టు మీ పేజీ నుంచే వచ్చిందని సర్వర్ సరిచూసే రహస్య విలువ) కూడా పెట్టండి.

ఇక 4 కేబీ. సర్వర్ యూజర్‌ని గుర్తుపట్టే సెషన్ ఐడీకి కొన్ని పదుల అక్షరాలు చాలు. 4 కేబీ చాలడం లేదంటే, సర్వర్‌లో ఉండాల్సిన వివరాలు టోకెన్‌లో కుక్కుతున్నారన్నమాట.

కాలం అయిపోయిందన్నది థర్డ్-పార్టీ కుకీల (చూస్తున్న సైట్ కాక వేరే సైట్లు పెట్టే కుకీల) గురించి వచ్చిన వార్త. వాటిని తీసేస్తామని 2020లో ప్రకటించిన గూగుల్ 2024లో వెనక్కి తగ్గింది. మీ సైట్ తన లాగిన్ కోసం పెట్టుకునే కుకీకి ఆ గొడవతో సంబంధమే లేదు.

సెషన్ స్టోరేజ్ పనికిరానిదని నేను అనడం లేదు. ఒక ట్యాబ్‌లో విశాఖ టికెట్, ఇంకో ట్యాబ్‌లో తిరుపతి టికెట్ బుక్ చేస్తుంటే, ఒకదాని వివరాలు రెండోదాంట్లో కలవకుండా ఉంచేది అదే. మా కుర్రాడి కోడ్‌లో కూడా సగం నింపిన దరఖాస్తు ఫారమ్‌ని అక్కడే ఉంచాం. టోకెన్ ఒక్కటే కుకీలోకి మారింది.