సవరణ: ఇటలీ పౌరసత్వానికి ముత్తాత చాలడు

మా ఆయన ముత్తాత ఇటలీ నుంచి న్యూజెర్సీకి వలస వచ్చారు. ఆయన జనన పత్రం సొంతూరి మునిసిపాలిటీ నుంచి అందిన సంబరంలో, "ఎన్ని తరాల వెనకైనా ఇటాలియన్ పూర్వీకుడు ఉంటే పౌరసత్వం అడగొచ్చు" అని పోయిన వారం రాశాను. అది తప్పు. పాత నిబంధన చూసి రాసేశాను.

2025 మార్చి 28న ఇటలీ ప్రభుత్వ డిక్రీ (ఆదేశం) వచ్చింది, మేలో అది 74వ నంబరు చట్టమైంది. కాన్సులేట్ వెబ్‌సైట్‌లోనూ ఇదే ఉంది. విదేశంలో పుట్టి వేరే పౌరసత్వం ఉన్నవాళ్లకు లెక్క ఇప్పుడు సాధారణంగా అమ్మానాన్నలు, లేదంటే తాతలు, అమ్మమ్మ, నానమ్మల దగ్గరే ఆగుతుంది. వాళ్లలో ఒకరికి ఇటలీ పౌరసత్వం ఒక్కటే ఉండాలి, లేదా చనిపోయేనాటికి ఉండి ఉండాలి. పిల్లలు పుట్టకముందు ఇటలీ పౌరసత్వంతో అమ్మో నాన్నో అక్కడ వరసగా రెండేళ్లు నివసించి ఉన్నా సరే. మా మామగారూ, ఆయన తండ్రీ అమెరికాలోనే పుట్టి పెరిగారు, పుట్టుకతోనే అమెరికన్లు. కాబట్టి మాకు ఆ దారి లేనట్టే.

2025 మార్చి 27 లోపు దరఖాస్తు ఇచ్చినవాళ్లకు మాత్రం పాత నిబంధనే వర్తిస్తుంది. అందులోనూ ముత్తాత తన కొడుకు పుట్టకముందే అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే వరస తెగిపోతుంది. ఇదీ నేను రాయలేదు.

నా పోస్టు చూసి అపోస్టిల్‌కి (పత్రాలు విదేశంలో చెల్లడానికి వేయించే ప్రభుత్వ ధ్రువీకరణ), అనువాదానికి డబ్బు కట్టబోతున్నవాళ్లు ముందు ఇది చూసుకోండి.