చీర్ పోటీల్లో వయసు తనిఖీ: కాగితానికీ మ్యాట్‌కీ మధ్య ఉన్న ఖాళీ

బాస్కెట్‌బాల్‌లో ఆటగాడి వీపు మీద నంబరు ఉంటుంది, స్కోరుషీటులో ఆ నంబరు పక్కన పేరు ఉంటుంది. తర్వాత ఎవరికైనా అనుమానం వస్తే వీడియో చూసి నంబరు పట్టుకుంటే చాలు, పేరు దొరుకుతుంది. వయసు విభాగాలవారీగా జట్లు విన్యాసాలు చేసి పోటీపడే చీర్‌లీడింగ్‌లో ఆ దారి లేదు. ఇరవై మంది పిల్లలు ఒకే యూనిఫాంలో, ఒకే రకం జుట్టు ముడితో, ఒకే రిబ్బన్ బోతో, ముఖం నిండా మేకప్‌తో మ్యాట్ మీదికి పరుగెత్తుకొస్తారు. రెండున్నర నిమిషాల్లో రొటీన్, అంటే వాళ్ల ప్రదర్శన, అయిపోతుంది. రోస్టర్‌లో, అంటే జట్టు సభ్యుల జాబితాలో, రాసిన పిల్లలే ఆడారా లేదా అన్నది ఆ తర్వాత తేల్చడం చాలా కష్టం.

అమెరికాలో ప్రైవేటు జిమ్‌ల జట్లు పోటీపడే ఆల్‌స్టార్ చీర్‌కు నియమాలు పెట్టేందుకు 2003లో యునైటెడ్ స్టేట్స్ ఆల్‌స్టార్ ఫెడరేషన్ ఏర్పడింది. సభ్యత్వం, పుట్టిన తేదీ రుజువు, ఆన్‌లైన్ రోస్టర్ అన్న పద్ధతి ఇప్పుడు చాలామందికి అలవాటే. చర్చంతా ఈ కాగితాల చుట్టూనే తిరుగుతోంది. నిజానికి పెద్ద లోపం మరోచోట ఉంది. రోస్టర్ లాక్ అయ్యాక, అంటే ఇక పేర్లు మార్చే వీలు ముగిశాక, జట్టు మ్యాట్ ఎక్కేలోపు జరిగే మార్పులను చూసేవారు చాలా పోటీల్లో లేరు. దొంగ జనన పత్రం తయారు చేయడానికి ముందస్తు పథకం కావాలి. పోటీ ఉదయం ఒక పాప చీలమండ బెణికితే, పక్క జట్టులోని పెద్ద పాపను తెచ్చి నిలబెట్టడానికి ఒత్తిడిలో ఉన్న కోచ్ ఒక్కరు చాలు.

ఇది పతకాలతో ముగిసే విషయమైతే ఇంత పట్టుబట్టనక్కర్లేదు. స్టంట్ గ్రూపులో ఫ్లయర్‌ను, అంటే పైకి లేచే పాపను, ఎత్తే బేస్‌లు, వెనక నిలబడే బ్యాక్‌స్పాట్ నెలల తరబడి కలిసి సాధన చేస్తారు. ఏ లెక్కకు ఎత్తాలి, ఎక్కడ పట్టాలి, ఫ్లయర్ ఏ వైపు ఒరుగుతుందో వాళ్ల ఒంటికి తెలుసు. కొత్త బేస్ ఎంత బలమైనదైనా అర క్షణం ఆలస్యమైతే పాప కింద పడుతుంది. పడ్డాక అసలు చిక్కు మొదలవుతుంది. రోస్టర్‌లో లేని పిల్ల కాబట్టి తల్లిదండ్రులు ఆ జట్టు కోసం సంతకం చేసిన అంగీకారపత్రం ఉండదు, అలర్జీల వివరాలుండవు, ఎవరికి ఫోన్ చేయాలో నిర్వాహకులకు తెలియదు. బీమా సంస్థకు అభ్యంతరం చెప్పడానికి కారణమూ దొరుకుతుంది.

కాగితాల దశలో ఎదురయ్యే తప్పులు ఎక్కువగా మామూలువే, కాస్త శ్రద్ధ పెడితే పట్టుకోవచ్చు. పసిపాప పాదముద్రలతో ఆసుపత్రి ఇచ్చే అందమైన పత్రాన్ని కొందరు తల్లిదండ్రులు జనన ధ్రువపత్రమనుకుని పంపుతారు. అది జ్ఞాపిక మాత్రమే. రాష్ట్ర లేదా కౌంటీ రిజిస్ట్రార్ ముద్ర ఉన్న పత్రం గానీ, పాస్‌పోర్టు గానీ కావాలి. తేదీ రాసే పద్ధతి మరో ఉచ్చు. 03/08 అని ఉంటే అమెరికాలో మార్చి 8, చాలా ఇతర దేశాల్లో ఆగస్టు 3. కటాఫ్ తేదీ ఆ రెంటికీ మధ్య పడిందంటే పిల్ల ఒక డివిజన్ (వయసు విభాగం) అటో ఇటో అవుతుంది. అందుకే నెలను అక్షరాల్లోనే రాయించాలి. వయసు లెక్క కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. కొన్ని సంస్థలు ఫలానా తేదీ నాటికి నిండిన వయసు చూస్తాయి, కొన్ని పుట్టిన సంవత్సరాన్నే చూస్తాయి. ఒకే పిల్ల రెండు సంస్థల పోటీల్లో ఆడుతుంటే ఏ డివిజనో విడివిడిగా సరిచూడాలి.

పేర్లు మరీ మోసం చేస్తాయి. ముద్దుపేరు, హైఫన్ పెట్టిన రెండు ఇంటిపేర్లు, దత్తత తర్వాత మారిన పేరు, ఇవన్నీ ఒకే పిల్లను ఇద్దరిగా చూపిస్తాయి. పుట్టిన తేదీ, సంరక్షకుల ఫోన్ నంబరు కలిపి వెతికితే ఈ జంట నమోదులు బయటపడతాయి. అక్కచెల్లెళ్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఇంటిపేరు ఒకటి, ముఖం పోలిక ఒకటి, వయసులో రెండేళ్ల తేడా.

ఒక కాగితాన్ని ఒంటరిగా నమ్మకూడదని క్రీడా చరిత్ర రెండుసార్లు గట్టిగా చెప్పింది. 2001 లిటిల్ లీగ్ బేస్‌బాల్‌లో బ్రాంక్స్ జట్టు పిచ్చర్‌కు 12 ఏళ్లని చూపించారు. డొమినికన్ రిపబ్లిక్‌లో అతని పేరిట రెండు జనన నమోదులున్నాయి, అసలు వయసు 14 అని తేలింది, జట్టు ఫలితాలన్నీ రద్దయ్యాయి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో చైనా మహిళా జిమ్నాస్టిక్స్ జట్టు గెలిచిన కాంస్యాన్ని 2010లో వెనక్కి తీసుకున్నారు. కనీస వయసు 16 కాగా ఒక క్రీడాకారిణికి అప్పటికి 14 ఏళ్లే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో పనిచేయడానికి ఆమె ఇచ్చిన పుట్టిన సంవత్సరం పాత నమోదుతో కలవకపోవడంతో అది బయటపడింది. రెండుచోట్లా నిజాన్ని బయటపెట్టింది ఒక నమోదును మరో నమోదుతో పోల్చి చూడటమే.

ఎముకల ఎక్స్‌రే తీస్తే సరిపోదా అని కొందరంటారు. సరిపోదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనే ఎముకల వయసు అసలు వయసుకు రెండేళ్లు అటూ ఇటూ ఉండొచ్చు. ఇక్కడ తేల్చాల్సింది పదకొండా, పన్నెండా అని. దానికోసం ఎదిగే పిల్లలకు రేడియేషన్ ఇవ్వడం తప్పు.

పోటీ రోజు చేయాల్సిన పని చిన్నది, స్థలం మాత్రం సరిగ్గా ఎంచుకోవాలి. ఉదయం రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర కోచ్ ఒక్కరే వచ్చి జట్టు మొత్తానికి టిక్కులు పెట్టించుకునే పద్ధతికి విలువ లేదు. తనిఖీ వార్మప్ ద్వారం దగ్గర జరగాలి. పిల్లలు రోస్టర్ వరుసలో నిలబడతారు. తనిఖీదారులు ఇద్దరుండాలి, ఒకరు ముఖాన్ని ఫొటోతో పోలుస్తుంటే మరొకరు తలలు లెక్కపెడతారు. సీజన్ మొదట్లో మేకప్ లేకుండా, జుట్టు వెనక్కి కట్టి ఎదురుగా తీసిన ఫొటో ఉంటేనే ఇది సాగుతుంది. కృత్రిమ రెప్పలు, మెరుపులు కళ్ల ఆకారాన్ని మార్చేస్తాయి కాబట్టి చెవులు, గడ్డం, కనుబొమల మధ్య దూరం చూడాలి. సందేహం వస్తే పాప పేరు, పుట్టినరోజు నెమ్మదిగా అడగొచ్చు. సొంత పుట్టినరోజు చెప్పడానికి తడుముకునే పదేళ్ల పిల్లలు అరుదు. అయినా భయపడ్డ పిల్లలు ఏదైనా మరిచిపోగలరు, అందుకే ఆ జవాబొక్కటే రుజువు కాదు.

సరిచూసిన ప్రతి పాపకూ ఒకసారి తీస్తే మళ్లీ అతకని రిస్ట్‌బ్యాండ్ కట్టాలి. చీర్‌లో ఒంటి మీద నగలు నిషిద్ధం, స్టంట్‌లో బ్యాండ్ వేలికి తగులుకోవచ్చు కూడా. కాబట్టి మ్యాట్ అంచున అధికారి దాన్ని కత్తిరించి, ఎన్ని బ్యాండ్లు చేతికొచ్చాయో లెక్కపెడతాడు. ఆ సంఖ్య రోస్టర్‌తో కలవాలి. వరుసలో ఉండగా తీసిన ఒక జట్టు ఫొటో, అభ్యంతరాల గడువు ముగిసేదాకా ఉంచితే, ప్రదర్శన వీడియోకు లేని నంబర్ల లోటు కొంతవరకు తీరుతుంది. రెండు జట్లలో ఆడే క్రాసోవర్ పిల్లలను ప్రతి జట్టుతోనూ మళ్లీ సరిచూడాలి. ఎక్కువ సడలింపులు జరిగేది వీళ్ల దగ్గరే.

ఇంత కచ్చితంగా ఉన్నప్పుడు నిజమైన గాయానికి దారి మూసేయకూడదు. ఆటకు గంట ముందు దాకా, ముందే ధ్రువీకరించిన ప్రత్యామ్నాయ క్రీడాకారుల జాబితా నుంచి ఒకరిని మార్చుకునే వీలుండాలి. ఆ వీలు లేనిచోటే కోచ్‌లు అడ్డదారి వెతుకుతారు.

అభ్యంతరం వస్తే రాతపూర్వకంగా, నిర్ణీత గడువులో, నిర్వాహకులకు మాత్రమే చేరాలి. పిల్లను మ్యాట్ పక్కన నిలబెట్టి ప్రశ్నించడం ఏ పరిస్థితిలోనూ సమ్మతం కాదు. సంరక్షకులు ఉన్న గదిలో మాట్లాడాలి. జట్టు ఫలితం రద్దు కావచ్చు, కానీ నిషేధం పడాల్సింది రోస్టర్ మీద సంతకం చేసిన జిమ్ యజమాని మీదా, కోచ్ మీదా. తొమ్మిదేళ్ల పాప తనను ఏ జట్టులో నిలబెట్టాలో తాను నిర్ణయించదు.

ఇక ఆ కాగితాలను దాచే తీరు. పిల్లల పాస్‌పోర్టు ఫొటోలు కోచ్‌ల ఫోన్లలో, ఈమెయిళ్లలో ఏళ్ల తరబడి పడి ఉంటున్నాయి. పత్రాన్ని ఒక్కసారి చూసి, ఏ పత్రం చూశారు, ఎవరు చూశారు, ఏ తేదీన చూశారు అన్న మూడు వివరాలు రాసి, నకలును తొలగించాలి. తర్వాతి సీజన్‌లో పాప జిమ్ మారినా ఆ నమోదు ఆమెతోపాటే వెళ్తుంది, కొత్త జిమ్ అదే పత్రాన్ని మళ్లీ అడగాల్సిన పని ఉండదు.