శ్రీశైలం గొయ్యికి హక్కుదారు ఎవరు?

శ్రీశైలం జలాశయంలో కనీస నీటిమట్టం 854 అడుగులా, 834 అడుగులా అన్నదానిపై రెండు తెలుగు రాష్ట్రాల మధ్య ఏళ్లుగా తగవు నడుస్తోంది. పోతిరెడ్డిపాడు కాలువ నుంచి ఎంత మళ్లించారు, ఎడమగట్టు విద్యుత్ కేంద్రంలో ఎన్ని యూనిట్లు తిప్పారు అంటూ నీటి పంపకాలను పర్యవేక్షించే కృష్ణా నదీ యాజమాన్య బోర్డుకు ఏటా ఫిర్యాదులు వెళ్తూనే ఉంటాయి. స్పిల్‌వే (వరద నీటిని దిగువకు వదిలే మార్గం) నుంచి దూకే వరద ఆనకట్ట దిగువన తవ్విపెట్టిన గొయ్యి విషయంలో మాత్రం ఆ పట్టుదల కనిపించదు. లేఖలు అసలే రాలేదని కాదు. వచ్చినవి కూడా చాలావరకు ఎదుటివారి నిర్వహణను ఎత్తిచూపడానికి రాసినవే. నీటిలో వాటా అడిగేవారు ఇద్దరున్నారు. గొయ్యిలో వాటా అడిగే నాథుడు లేడు.

ఆ గొయ్యిని ఇంజినీర్లు ప్లంజ్‌ పూల్ అంటారు. శ్రీశైలం ఆనకట్ట ఎత్తు 145 మీటర్లు, పొడవు 512 మీటర్లు, దానికి 12 రేడియల్ గేట్లు. గేట్లు ఎత్తినప్పుడు నీరు వాలు మీదుగా జారి, చివరన పైకి ఎగిరి, దూరంగా నదిలో పడుతుంది. ఆ ఉద్ధృతి ఆనకట్ట పాదాన్ని తాకకుండా ముందుకు విసిరేయడమే ఈ ఏర్పాటు ఉద్దేశం. అందరూ సెల్‌ఫోన్లలో బంధించే ఆ తెల్లటి నురగంతా అదే. పడిన చోట గొయ్యి ఏర్పడటం అనూహ్యమేమీ కాదు, అదే ఒక లోపమూ కాదు. గొయ్యి లోతు, వెడల్పు పెరుగుతూ ఆనకట్ట వైపు వెనక్కి జరగడం మొదలుపెడితేనే ప్రమాదం. శ్రీశైలం దగ్గర నది గర్భంలో గట్టి క్వార్ట్‌జైట్ రాయి ఉన్నా, మధ్యలో బలహీనమైన పొరలూ ఉన్నాయి. నీరు సుత్తిలా మోదుతున్నప్పుడు ముందు కోసుకుపోయేవి అవే. ఈ కోతను ఆపడానికి గతంలో ఉక్కు సిలిండర్లు దించి కాంక్రీటు నింపారు. వరదలు వాటినీ దెబ్బతీశాయి.

ఇదంతా నిన్నమొన్న బయటపడిన సంగతి కాదు. నీటి అడుగున సర్వేలు జరిగాయి. కేంద్ర జలసంఘం మాజీ అధ్యక్షుడు ఏబీ పాండ్యా నేతృత్వంలోని నిపుణుల బృందం వచ్చి చూసి, మరమ్మతులు సిఫార్సు చేసింది. జాతీయ ఆనకట్టల భద్రత ప్రాధికార సంస్థ అధికారులూ వచ్చి హెచ్చరించి వెళ్లారు. వర్షాకాలం రాగానే గొయ్యి నీటిలో మునుగుతుంది, దాంతోపాటు ఫైలూ మునుగుతుంది. పని చేయడానికి వీలున్నది వేసవిలో కొద్ది నెలలే. అవి కాస్తా అంచనాలు, అనుమతులు, టెండర్ల పేరిట కరిగిపోతున్నాయి.

2009 అక్టోబరును కర్నూలు మరచిపోలేదు. అప్పటికే జలాశయం దాదాపు నిండుగా ఉండగా, కృష్ణా తుంగభద్రలు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటిందని అంచనా. స్పిల్‌వేను నిర్మించింది సుమారు 13 లక్షల క్యూసెక్కులను వదలడానికి. పూర్తి నీటిమట్టం 885 అడుగులైతే నీరు 896 అడుగులకు ఎగబాకింది. వెనుక జలాలు, తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు నగరాన్ని ముంచేశాయి. ఆనకట్ట నిలబడింది. దాన్ని కట్టిన ఇంజినీర్లకు, కూలీలకు ఈ రాష్ట్రాలు రుణపడి ఉన్నాయి. అయితే ఆ రోజు నిలిచింది కాబట్టి ఎప్పటికీ నిలుస్తుందన్న ధీమాకు ఆధారం లేదు. ఆ తర్వాత ఎన్నో వరదలు ఆ గొయ్యి మీదుగానే వెళ్లాయి. దిగువన నాగార్జునసాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ, వాటి కింద డెల్టా. శ్రీశైలానికి ఏమైనా అయితే ఆ నష్టం ఒక్క ఆనకట్టతో ఆగేది కాదు.

పైన పూడిక కథ మరోటి. కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టిన జలాశయంలో ఇప్పుడు పట్టేది సుమారు 216 టీఎంసీలు. వందకు పైగా గ్రామాలను ముంచి, లక్ష మంది చేత ఇళ్లు ఖాళీ చేయించి సంపాదించుకున్న నిల్వ అది. అందులో దాదాపు మూడో వంతు బురద పాలైంది. వాటాల కోసం ట్రైబ్యునళ్ల ముందు దశాబ్దాలుగా వాదిస్తున్నవారు, ఒక్క విచారణా లేకుండా చేజారిన ఈ 92 టీఎంసీల గురించి మాట్లాడరేం?

పాతబడిన కట్టడంలో ముందుగా మొరాయించేవి సాధారణంగా గేట్లు, తాళ్లు, కేబుళ్లు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో చెలరేగిన మంటలకు తొమ్మిది మంది బలయ్యారు. 2021 ఆగస్టులో పులిచింతల 16వ గేటు కొట్టుకుపోయింది. అదే ఏడాది నవంబరు 19న చెయ్యేరు పోటెత్తితే అన్నమయ్య ప్రాజెక్టులో అయిదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. మట్టికట్ట తెగి, ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగింది. ఏడు దశాబ్దాల నాటి ఆ డ్యామ్‌కు ప్రత్యామ్నాయ గేటు సిద్ధంగా లేదు. విశ్రాంత ఇంజినీరు కన్నయ్యనాయుడు ప్రవాహంలోనే స్టాప్‌లాగ్‌లు (గేటు స్థానంలో అమర్చే తాత్కాలిక అడ్డుపలకలు) దించే ఉపాయం చెప్పబట్టి, రాయలసీమ రైతు ఆ ఏడాది గట్టెక్కాడు. ఎనభైకి చేరువైన ఒక పెద్దాయన అనుభవం ఉంది కాబట్టి సరిపోయింది. ఆయన తరం తర్వాత గేట్ల పనిలో ఆ నైపుణ్యం ఎంతమందికి ఉందో జలవనరుల శాఖలు ఒకసారి లెక్క వేసుకోవాలి.

శ్రీశైలం అసలు జలవిద్యుత్ కోసం మొదలైన ప్రాజెక్టు. సాగు, తాగునీటి అవసరాలు తర్వాత వచ్చి చేరాయి. ఇప్పుడు కుడిగట్టున 770 మెగావాట్లు ఆంధ్రప్రదేశ్‌వి, ఎడమగట్టున 900 మెగావాట్లు తెలంగాణవి. సాయంత్రం విద్యుత్ గిరాకీ పెరిగిన వేళ నిమిషాల్లో అందే కరెంటు ఇది. దీని విలువ రెండు రాష్ట్రాల విద్యుదుత్పత్తి సంస్థలైన జెన్‌కోలకూ తెలుసు. ఆనకట్ట నిర్వహణ మాత్రం ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖ మెడకు చుట్టుకుంది. ఆంధ్రప్రదేశే చూసుకోవాలని తెలంగాణ, మీరూ ఖర్చు పంచుకోవాలని ఆంధ్రప్రదేశ్. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందన్న సామెతకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ కట్టబోమని ఆశిద్దాం. 2023 నవంబరు 30న నాగార్జునసాగర్ డ్యామ్‌పై రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా మోహరించిన దృశ్యం చూశాం. నీళ్ల కోసం రాత్రికి రాత్రి పోలీసులను దించగల ప్రభుత్వాలకు, మరమ్మతు కోసం ఇంజినీర్లను కలిపి కూర్చోబెట్టడం అంత కష్టమా?

మా సూచన ఒక్కటే. శ్రీశైలంలో తయారయ్యే ప్రతి యూనిట్ మీద, ఏ గట్టున తయారైనా సరే, కొన్ని పైసలు ఆనకట్ట భద్రత నిధికి ముందుగా జమ కావాలి. ఆ నిధి ఏ రాష్ట్ర ఖజానాలోనూ కలవకూడదు. కృష్ణా బోర్డు దగ్గర విడి ఖాతాలో ఉండాలి. ప్లంజ్‌ పూల్ పనులు, గేట్ల వైర్ రోప్‌లు, ఆనకట్ట లోపలి డ్రైనేజీ గ్యాలరీలో ఊట నీటి కొలతలు, వీటికి తప్ప మరి దేనికీ దాన్ని వాడరాదు. కాలువల నుంచి నీరు తీసుకునే ప్రాజెక్టులు కూడా తమ వాటా ప్రకారం ఇందులో పాలుపంచుకోవాలి. కేంద్రం ప్రపంచబ్యాంకు సాయంతో నడిపిస్తున్న ఆనకట్టల పునరుద్ధరణ పథకం ఉండనే ఉంది కదా అనవచ్చు. అది ఎప్పుడో ఒకసారి అందే ఆసరా. ఏటా గ్రీజు పూయడానికి, తుప్పు గీకడానికి రుణం కోసం ఎదురుచూడనక్కర్లేదు. బోర్డుకు డబ్బు అప్పగిస్తే పెత్తనం ఢిల్లీకి పోతుందన్న భయం ఉంటే, వాటాల అధికారం జోలికి రాకుండా నిర్వహణకే పరిమితమయ్యేలా ఒప్పందం రాసుకోవచ్చు. అంతటి తెలివైన అధికారులు రెండువైపులా ఉన్నారు.

ఆనకట్టల భద్రత చట్టం 2021 డిసెంబరు 30న అమల్లోకి వచ్చింది. వర్షాకాలానికి ముందు, తర్వాత తనిఖీలు తప్పనిసరి అని అది చెబుతోంది. పాత ఆనకట్టలకు అయిదేళ్లలోగా సమగ్ర భద్రత మదింపు పూర్తిచేయాలని, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక సిద్ధం చేయాలని నిర్దేశించింది. ఆ లెక్కన గడువు 2026 డిసెంబరు చివరికి ముగుస్తుంది. శ్రీశైలం మదింపు నివేదికను, తనిఖీల్లో తేలిన అంశాలను తెలుగులో ప్రజల ముందు పెట్టాలి. ఆనకట్ట తెగితే ఏ ఊరికి ఎన్ని గంటల్లో ఎంత నీరు వస్తుందో తెలిపే ముంపు పటాలు దిగువన ప్రతి మండల కార్యాలయం గోడ మీదా ఉండాలి. రహస్యమంటూ దాచిపెడితే, రేపు పరుగెత్తాల్సిన మనిషికి ఏ మిట్ట ఎక్కాలో తెలియదు. వచ్చే వేసవిలో శ్రీశైలం దిగువన కాంక్రీటు పోసే పని మొదలవ్వాలంటే, అంచనాల ఫైలు మీద రెండు రాష్ట్రాల ఇంజినీర్ ఇన్ చీఫ్‌ల సంతకాలు ఈ సంక్రాంతిలోపే పడాలి.