సవరణ: గొట్టం పైనుండే డబ్బా అలంకారం మాత్రమే కాదు

కప్పు మీది వాన నీళ్లు దించే గొట్టానికి పైన, గోడకు బిగించి ఉండే డబ్బా, అంటే రెయిన్ హెడ్, "కేవలం అందానికే, వద్దనుకుంటే తీసేయొచ్చు" అని ముందటి పోస్టులో రాశాను. అది తప్పు. ఎవరైనా తీయించాలనుకుంటే దయచేసి ఆగండి.

గట్టర్లు (కప్పు అంచు వెంట వాన నీళ్లు పట్టే తొట్టి కాలువలు) తయారుచేసేవాళ్ల బిగింపు సూచనల్లో ఉన్నది వేరు. పిట్టగోడ రంధ్రం నుంచో గట్టర్ నుంచో ఉధృతంగా వచ్చే నీళ్లన్నీ ఒక్కసారే సన్నటి గొట్టంలోకి దిగలేవు, ముందు ఈ డబ్బాలో చేరి తర్వాత గొట్టంలోకి వెళ్తాయి. అంతకన్నా ముఖ్యం దాని ముందువైపు ఉండే ఓవర్‌ఫ్లో రంధ్రం. ఆకులు అడ్డుపడి గొట్టం పూడిపోతే నీళ్లు వెనక్కి తన్ని కప్పు మీద నిలవకుండా, గోడలోకి చెమ్మ దిగకుండా అక్కడి నుంచి బయటికి పడిపోతాయి, గొట్టం మూసుకుపోయిందని కింద ఉన్నవాళ్లకి వెంటనే తెలుస్తుంది కూడా. అందుకే ఆ రంధ్రం, నీళ్లు డబ్బాలోకి వచ్చే మట్టం కన్నా కిందే ఉండాలి. పైన పెడితే పెట్టనట్టే.

దాని మీది పూల నగిషీలు మాత్రం అందానికే, అవి మీ ఇష్టం.

గొట్టానికి బదులు నీళ్లు దిగేలా వేలాడదీసే వాన గొలుసుల గురించి ముందటి పోస్టులో రాసింది మార్చడం లేదు: పెద్ద వానకి నీళ్లు చుట్టూ చిందుతాయి, గోడకి దూరంగానే వేలాడదీయండి.